కేరర్స్ అలవెన్స్ తిరస్కరించారా? అప్పీలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జబ్బుపడిన అమ్మనో, పక్షవాతం వచ్చిన మామగారినో, ఆటిజం ఉన్న బిడ్డనో ఇంట్లో ఉండి చూసుకునేవారికి బ్రిటన్ ప్రభుత్వం వారం వారం ఇచ్చే డబ్బు పేరు కేరర్స్ అలవెన్స్. దానికి దరఖాస్తు పెట్టి, రాదన్న లేఖ అందుకున్న తెలుగువారి కోసం ఈ పేజీ. ఇక్కడ ప్రధానంగా ఇంగ్లండ్, వేల్స్ నియమాలు చెప్పాను. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ సంగతి విడిగా ఉంది. అంకెలన్నీ 2025 ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరానివి. ఇవి ఏటా ఏప్రిల్‌లో మారతాయి కాబట్టి మీ లేఖ ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరపు అంకెనే చూసుకోండి.

తిరస్కరణ లేఖ వచ్చింది. మొదట ఏం చేయాలి?

లేఖ మీదున్న తేదీ చూడండి. ఆ తేదీ నుంచి ఒక నెల లోపు మీరు అభ్యంతరం తెలపాలి. లేఖ మీ చేతికి అందిన రోజును లెక్కలోకి తీసుకోరు. పోస్టు ఆలస్యమైతే మీ గడువులోంచే రోజులు పోతాయి. అందుకే లేఖ విప్పగానే గడువు ముగిసే తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకోండి.

తర్వాత కారణం చదవండి. నిదానంగా, రెండుసార్లు చదవండి. ఈ పేజీలో నేను చెప్పదలచిన అసలు విషయం ఇక్కడే ఉంది. మీరు మీ అమ్మను సరిగా చూసుకోవడం లేదని ఆ లేఖ అనడం లేదు. చట్టంలో కొన్ని షరతులున్నాయి, వాటిలో ఫలానాది మీ విషయంలో నెరవేరలేదని అధికారి అనుకున్నాడు. ఆ ఒక్క షరతుకే జవాబు చెప్పాలి. సంపాదన పరిమితి దాటిందని లేఖలో ఉంటే, అమ్మకు అర్ధరాత్రి ఎన్నిసార్లు లేచి నీళ్లు ఇస్తున్నామో నాలుగు పేజీలు రాసి పంపేవారు ఎందరో ఉన్నారు. అందులోని ప్రతి మాటా నిజమే, చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ నిర్ణయం మారదు, ఎందుకంటే అధికారి అడిగింది జీతం లెక్క.

కారణం అర్థమయ్యేలా రాయకపోతే, నిర్ణయానికి కారణాలు లిఖితపూర్వకంగా ఇవ్వమని ఆ నెలలోపే అడగవచ్చు. అలా అడిగితే గడువు మరో 14 రోజులు పెరుగుతుంది.

అసలు షరతులు ఏమిటి?

మీకు 16 ఏళ్లు నిండాలి. వారానికి కనీసం 35 గంటలు ఒకే వ్యక్తిని చూసుకోవడంలో గడపాలి. ఆ వ్యక్తికి అర్హత కల్పించే వైకల్య భృతి వస్తూ ఉండాలి. మీ నికర సంపాదన వారానికి 196 పౌండ్లు మించకూడదు. వారానికి 21 గంటలు గానీ అంతకు మించి గానీ చదువుకుంటూ ఉండకూడదు. నివాసానికి, వీసాకు సంబంధించిన నియమాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ నెరవేరితే వారానికి 83.30 పౌండ్లు ఇస్తారు. దానితో పాటు నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్ జమ అవుతుంది. రేపు మీకు పింఛను వచ్చే వయసులో పనికొచ్చేది ఆ క్రెడిటే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇద్దరిని చూసుకుంటున్నా ఒక్క అలవెన్సే ఇస్తారు. ఒకే వ్యక్తిని అక్కా తమ్ముడూ కలిసి చూసుకుంటున్నా ఒక్కరికే ఇస్తారు.

"ఆమెకు అర్హమైన భృతి లేదు" అని రాశారు. కానీ మా అత్తగారికి పిప్ వస్తోందే?

పిప్ అంటే వైకల్యం ఉన్నవారికి ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి రోజువారీ జీవనానికి, రెండోది నడకకూ ప్రయాణానికీ. మీకు కేరర్స్ అలవెన్స్ రావాలంటే ఆమెకు రోజువారీ జీవనపు భాగం రావాలి. అది తక్కువ రేటైనా, ఎక్కువ రేటైనా సరిపోతుంది. నడక భాగం ఒక్కటే వస్తుంటే మీకు అర్హత లేదు. పిల్లలకు ఇచ్చే డీఎల్ఏ (డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్) విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. సంరక్షణ భాగం మధ్య రేటులో గానీ పై రేటులో గానీ ఉండాలి, కింది రేటు చాలదు. పింఛను వయసు దాటినవారికి ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్ అయితే ఏ రేటైనా ఫరవాలేదు.

కాబట్టి ముందుగా అత్తగారి మంజూరు లేఖ తీసి, ఏ భాగం, ఏ రేటు అన్నది చూడండి. అందులో రోజువారీ భాగం ఉండీ మిమ్మల్ని తిరస్కరించి ఉంటే, ఆ లేఖ నకలు జతచేసి అభ్యంతరం పంపండి. ఇంతకంటే సులువుగా తేలే వివాదం ఉండదు.

ఆ భాగం నిజంగానే రాకపోతే మీ అప్పీలు గెలవదు. అప్పీలు చేయాల్సింది ఆమె, తన పిప్ నిర్ణయం మీద. అందులో ఆమె గెలిచిన రోజు నుంచి మూడు నెలల లోపు మీరు కేరర్స్ అలవెన్స్‌కు దరఖాస్తు పెడితే, ఆమె భృతి మొదలైన తేదీ దాకా మీ డబ్బును వెనక్కి లెక్కగట్టి ఇవ్వగలరు. ఆ మూడు నెలలు దాటితే సాధారణంగా మూడు నెలల బకాయి మాత్రమే వస్తుంది. ఆమె గెలిచిన ఆనందంలో మీ దరఖాస్తు సంగతి మరిచిపోవద్దు.

35 గంటలు చూసుకోవడం లేదంటున్నారు. ఎలా నిరూపించాలి?

ముందు వారం ఎలా లెక్కిస్తారో తెలుసుకోండి. ఆదివారం నుంచి శనివారం వరకు ఒక వారం. ఈ వారం 50 గంటలు, వచ్చే వారం 20 గంటలు, సగటున 35 అంటే కుదరదు. ఏ వారానికి ఆ వారం 35 గంటలు ఉండాలి.

ఇక సంరక్షణ అంటే ఏమిటి? స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడం మాత్రమే అనుకుని మనవాళ్లు గంటలు తగ్గించి రాస్తారు. మందులు వేళకు ఇవ్వడం, ఆసుపత్రికి తీసుకెళ్లి అక్కడ కూర్చోవడం, డాక్టరుకు ఫోను చేయడం, ఆమె కోసం విడిగా వండడం, తడిసిన పక్కబట్టలు ఉతకడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పడిపోకుండా, పొయ్యి దగ్గరికి వెళ్లకుండా, తలుపు తీసుకుని వీధిలోకి నడిచిపోకుండా కనిపెట్టుకుని ఉండడం కూడా సంరక్షణే. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవారి విషయంలో గంటల్లో సింహభాగం ఈ కనిపెట్టుకుని ఉండడానికే పోతుంది. అయితే ఫారం నింపేటప్పుడు అది పనిగానే తోచదు. ఇంట్లో ఉన్నాం కదా, అందులో చెప్పడానికి ఏముంది అనుకుంటాం. చెప్పండి, వివరంగా చెప్పండి. రాత్రి మెలకువగా ఉండి చూసుకున్న సమయం కలుపుకోండి, ఇద్దరూ నిద్రపోయిన గంటలు కలపకండి.

బిడ్డ హాస్టల్ బడిలో ఉండి శని, ఆదివారాలు మాత్రమే ఇంటికి వస్తుంటే, రాకముందు చేసే ఏర్పాట్లకూ వెళ్లాక సర్దడానికీ పట్టే సమయాన్ని కూడా లెక్కించవచ్చు. అయినా ఆ వారాల్లో 35 దాటుతుందా అన్నది నిజాయితీగా చూసుకోవాలి.

రుజువుగా ఒక వారపు దినచర్య రాయండి. "ఉదయం అంతా అమ్మ పనే" అని రాస్తే బలం ఉండదు. "6:40కి లేపి, మరుగుదొడ్డికి పట్టుకుని నడిపించాను. 7:30 వరకు స్నానం, బట్టలు. 8:00కి ఇన్సులిన్, తర్వాత ఫలహారం. అమ్మ చేయి వణుకుతుంది కాబట్టి నేనే తినిపించాలి, 40 నిమిషాలు పడుతుంది" అని రాస్తే చదివినవారికి మీ ఇల్లు కనిపిస్తుంది. దీనికి తోడు మీరు చూసుకునే వ్యక్తి సంతకంతో ఒక మాట, కౌన్సిల్ మీ అవసరాలను అంచనా వేసి చేసిన కేరర్ అసెస్‌మెంట్ నకలు, డే సెంటర్ వేళలు తెలిపే లేఖ వంటివి జతచేయండి. ఆ అసెస్‌మెంట్ చేయించుకునే హక్కు 2014 నాటి కేర్ యాక్ట్ ఇంగ్లండ్‌లో పెద్దవారిని చూసుకునే వయోజన సంరక్షకులకు ఇచ్చింది. ఇంతవరకు చేయించుకోకపోతే ఇప్పుడే కౌన్సిల్‌ను అడగండి.

మీరు విడిగా ఉంటే, లేదా ఉద్యోగం చేస్తుంటే, అధికారికి అనుమానం రావడం సహజం. మీ పని వేళలు, ప్రయాణ సమయం, సంరక్షణ గంటలు ఒకదానితో ఒకటి ఎలా సర్దుకుంటున్నాయో ఆ దినచర్యలోనే తేటగా చూపండి.

సంపాదన పరిమితి దాటిందన్నారు. మా లెక్కలో దాటలేదు. ఎవరిది తప్పు?

అధికారిదే తప్పు కావచ్చు, అందుకే లెక్క మీరే వేయండి. పరిమితిని చూసేది మొత్తం జీతం మీద కాదు. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, మీరు కట్టే పింఛను చందాలో సగం తీసేశాకే చూడాలి. ఉద్యోగం కోసం తప్పనిసరిగా పెట్టే కొన్ని ఖర్చులు కూడా తీసేయవచ్చు. మీరు పనికి వెళ్లినప్పుడు అమ్మను చూసుకోవడానికి దగ్గరి బంధువు కాని మనిషికి డబ్బు ఇస్తుంటే, సంపాదనలో సగానికి మించకుండా దాన్నీ మినహాయిస్తారు. ఈ చివరి మినహాయింపు చాలామందికి తెలియదు.

నెల జీతాన్ని నాలుగుతో భాగించకండి. 12తో గుణించి 52తో భాగించాలి. ఒక ఉదాహరణ చూడండి. ఒకామెకు నెలకు 870 పౌండ్ల జీతం, అందులో పన్ను గానీ ఇన్సూరెన్స్ గానీ పడదు. అలాగే లెక్కిస్తే వారానికి 200.77 పౌండ్లు, అంటే పరిమితి దాటినట్టే. కానీ ఆమె నెలకు 60 పౌండ్లు పింఛనుకు కడుతోంది. సగం 30 తీసేస్తే 840, వారానికి 193.85. పరిమితికి లోపలే ఉంది. దరఖాస్తులో పింఛను గడి ఖాళీగా వదిలేసినందుకే ఆమెకు వారానికి 83.30 పౌండ్లు పోయేవి.

ఈ పరిమితిలో ఒక క్రూరత్వం ఉంది. ఒక్క పౌండు దాటినా అలవెన్సులో ఒక పౌండు తగ్గించరు, ఆ వారానికి మొత్తం ఆపేస్తారు. అందుకే పే స్లిప్పులన్నీ దాచుకోండి. జీతం నెల నెలా మారుతుంటే, ఒక్క నెల బోనసు చూసి నిర్ణయించకుండా తగిన కాలానికి సగటు తీయమని అడగండి.

నాకు స్టేట్ పెన్షన్ వస్తోంది. "అర్హత ఉంది, కానీ చెల్లించలేము" అన్నారు. ఇది తిరస్కరణేనా?

కాదు, ఆ లేఖను పారేయకండి. స్టేట్ పెన్షన్, కేరర్స్ అలవెన్స్ రెండూ పూర్తిగా ఒకరికే ఇవ్వరు. మీ పింఛను 83.30 కంటే ఎక్కువైతే అలవెన్స్ చేతికి రాదు, అర్హత మాత్రం కాగితం మీద మిగులుతుంది. ఆ అర్హత ఆధారంగా పెన్షన్ క్రెడిట్‌లో (ఆదాయం తక్కువున్న పింఛనుదారులకు ఇచ్చే భృతి) వారానికి 46.40 పౌండ్ల అదనపు లెక్క కలుస్తుంది. ఇంతకుముందు పెన్షన్ క్రెడిట్ రాదన్నవారికి కూడా ఈ అదనంతో వచ్చే అవకాశం ఉంది. ఇక్కడ అప్పీలుతో పని లేదు, పెన్షన్ క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టండి.

నేను గెలిస్తే అమ్మకు వచ్చే డబ్బు తగ్గుతుందా?

తగ్గే సందర్భం ఒకటుంది. అమ్మ విడిగా, ఒంటరిగా ఉంటూ పెన్షన్ క్రెడిట్‌లో తీవ్ర వైకల్యపు అదనం పొందుతుంటే, మీకు కేరర్స్ అలవెన్స్ చెల్లించడం మొదలుకాగానే ఆ అదనం ఆగిపోతుంది. అది వారానికి 82.90 పౌండ్లు. మీకు వచ్చేది 83.30. అంటే కుటుంబానికి మిగిలేది 40 పెన్నీలు! అప్పీలుకు ముందే ఈ లెక్క చూసుకోండి. అమ్మ మీతోనే ఉంటుంటే సాధారణంగా ఈ చిక్కు రాదు.

వీసా కారణంగా తిరస్కరించారు. అప్పీలు చేయవచ్చా?

తొందరపడవద్దు. మీ వీసాలో పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ భృతులు, తీసుకోరాదన్న షరతు ఉంటే (స్కిల్డ్ వర్కర్ వీసాలకూ వారి కుటుంబాల వీసాలకూ ఇది మామూలుగా ఉంటుంది), కేరర్స్ అలవెన్స్ కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. తీసుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. బిడ్డ బ్రిటిష్ పౌరుడై డీఎల్ఏ పొందుతున్నా, తల్లి వీసాలో ఆ షరతు ఉంటే తల్లికి ఈ అలవెన్స్ రాదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో వలస చట్టం తెలిసిన సలహాదారుతో మాట్లాడకుండా అడుగు వేయకండి.

నివాస కాలం సంగతి వేరు. గత మూడేళ్లలో రెండేళ్లు, అంటే 156 వారాల్లో 104 వారాలు ఈ దేశంలో ఉండి ఉండాలి. ఇండియాలో ఏడాదిన్నర ఉండి తిరిగొచ్చినవారు ఈ నియమం దగ్గరే ఆగిపోతారు. పాస్‌పోర్టు ముద్రలు, టికెట్లు చూసి వారాలు లెక్కపెట్టండి. అధికారి తప్పు లెక్కించి ఉంటే అభ్యంతరం చెప్పండి. లెక్క సరైనదే అయితే 104 వారాలు ఎప్పుడు పూర్తవుతాయో చూసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టండి.

నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చా?

వెళ్లలేరు. ట్రిబ్యునల్ అంటే ఇలాంటి అప్పీళ్లు వినే న్యాయస్థానం. ముందు ఈ అలవెన్స్ ఇచ్చే డీడబ్ల్యూపీ (డిపార్ట్‌మెంట్ ఫర్ వర్క్ అండ్ పెన్షన్స్) శాఖనే తన నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడగాలి. వారి కాగితాల్లో దీని పేరు మాండేటరీ రీకన్సిడరేషన్, ఇక్కడ పునఃపరిశీలన అంటాను. ఫోనులో అడగవచ్చు, లేఖ రాయవచ్చు, సీఆర్‌ఎంఆర్1 ఫారం నింపి పంపవచ్చు. ఫోనులో అడిగినా వెంటనే లేఖ కూడా పంపండి. మాట గాలిలో కలిసిపోవచ్చు, కాగితం ఫైలులో ఉంటుంది.

లేఖ చిన్నగా ఉంటేనే మంచిది. ఏ తేదీ నిర్ణయం, ఏ కారణం చెప్పారు, అది ఎందుకు తప్పు, ఏ కాగితాలు జతచేస్తున్నారు అన్నవి చాలు. మీ పేరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ప్రతి పేజీ మీదా రాయండి. అసలు పత్రాలు పంపకుండా నకళ్లు పంపండి. పోస్టాఫీసులో పంపినట్టు రసీదు తీసుకోండి. ఇంకా ఏదైనా కాగితం రావలసి ఉంటే, దాని కోసం గడువు దాటనివ్వకండి. అభ్యర్థన ముందు పంపి, కాగితం తర్వాత వస్తుందని, అప్పటిదాకా నిర్ణయం ఆపమని రాయండి.

శాఖ ఇన్ని రోజుల్లో జవాబివ్వాలన్న గడువు చట్టంలో లేదు. ఎదురుచూడాల్సి వస్తుంది. ఈలోగా ఆదాయం తక్కువగా ఉన్నవారు యూనివర్సల్ క్రెడిట్‌లో సంరక్షకుల భాగం అడగవచ్చు, నెలకు 201.68 పౌండ్లు. దానికి కేరర్స్ అలవెన్స్ మంజూరు కానక్కరలేదు, 196 పౌండ్ల పరిమితి కూడా వర్తించదు. అయితే రేపు అలవెన్స్ వస్తే యూనివర్సల్ క్రెడిట్ అంతమేరకు తగ్గుతుంది.

నెల గడువు దాటిపోయింది. ఇక దారి లేదా?

ఉంది. తగిన కారణం చూపితే, నిర్ణయం తేదీ నుంచి 13 నెలల వరకు ఆలస్యపు అభ్యర్థనను తీసుకోవచ్చు. అమ్మ ఆసుపత్రిలో ఉండడం, మీ అనారోగ్యం, ఇంట్లో మరణం, లేఖ అర్థం కాక తప్పు సలహా మీద ఆధారపడడం, ఏది జరిగితే అది తేదీలతో రాయండి. "ఆలస్యం, కుదరదు" అని శాఖ తోసిపుచ్చినా మీరు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చని దాని పై స్థాయిలోని అప్పర్ ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది. శాఖ ఆలస్యమన్నంత మాత్రాన తలుపు మూసుకున్నట్టు కాదు.

పునఃపరిశీలనలోనూ కాదన్నారు. ఇప్పుడు?

ఇప్పుడు అసలు అప్పీలు. పునఃపరిశీలన ఫలితం తెలిపే నోటీసు తేదీ నుంచి ఒక నెల లోపు ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో గానీ ఎస్‌ఎస్‌సీఎస్1 ఫారం మీద గానీ చేయవచ్చు. ఫీజు లేదు, ఓడిపోయినా శాఖ ఖర్చులు మీ మీద పడవు. ఈ ట్రిబ్యునల్ శాఖకు చెందినది కాదు, న్యాయవ్యవస్థలో భాగం. ఇక్కడ మీ కాగితాలను చూసే కళ్లు కొత్తవి. పునఃపరిశీలనలో ఓడి విసిగి ఆగిపోయేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. సగం దూరం నడిచి, నిష్పక్షపాతంగా వినే మనిషి ఎదుటికి వచ్చేసరికి వెనక్కి తిరుగుతున్నారు.

అప్పీలు అందాక శాఖ 28 రోజుల్లో తన వాదన పంపాలి. మీకు ఒక కాగితాల కట్ట వస్తుంది. చూడగానే భయం వేస్తుంది కానీ అందులో సగం మీరు పంపినవే. శాఖ వాదన ఉన్న పేజీలు వెతికి, ఒక్కొక్క వాక్యం పక్కన అవునో కాదో, ఎందుకో రాసుకోండి. కొన్నిసార్లు ఈ దశలో శాఖే తన తప్పు గుర్తించి మీకు అనుకూలంగా నిర్ణయం మారుస్తుంది, అప్పుడు అప్పీలు అక్కడితో ముగుస్తుంది.

విచారణ ఎలా ఉంటుంది? నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే.

కాగితాల మీదే తేల్చమనవచ్చు, మనిషిగా హాజరుకావచ్చు, ఫోను లేదా వీడియో విచారణ కోరవచ్చు. హాజరవడమే మేలని నా గట్టి అభిప్రాయం. కాగితంలో రాయని విషయం జడ్జి అడిగితేనే బయటికి వస్తుంది. కేరర్స్ అలవెన్స్ కేసుల్లో సాధారణంగా ఒక్క జడ్జి ఉంటారు. మీ అత్తగారి పిప్ అప్పీలైతే జడ్జితో పాటు డాక్టరు, వైకల్యం గురించి తెలిసిన మరో సభ్యుడు ఉంటారు. చిన్న గది, ఒక బల్ల, ప్రశ్నలు, అంతే. సినిమాల్లో చూసే బోను అక్కడ ఉండదు.

తెలుగు అనువాదకుడు కావాలని అప్పీలు ఫారంలోనే రాయండి, ఉచితంగా ఏర్పాటు చేస్తారు. మీ అబ్బాయో కోడలో పక్కన కూర్చుని ధైర్యం చెప్పవచ్చు గానీ అనువాదం చేయనివ్వరు. అనువాదకుడు వచ్చాక తెలుగులోనే మాట్లాడండి. కొంత ఇంగ్లీషు, కొంత తెలుగు కలిపితే అర్థం జారిపోతుంది. అడిగినదానికి సూటిగా చెప్పండి. "ఫరవాలేదండీ, ఎలాగో నెట్టుకొస్తున్నాం" అనే మన మర్యాద మాట ఆ గదిలో మీకే నష్టం చేస్తుంది.

నిర్ణయం తర్వాత అమ్మ పరిస్థితి ఇంకా దిగజారింది. అది చెప్పవచ్చా?

తిరస్కరించిన రోజున పరిస్థితి ఏమిటన్నదే ట్రిబ్యునల్ చూడాలి, తర్వాత మారినవాటిని లెక్కలోకి తీసుకోకూడదు. 1998 నాటి సోషల్ సెక్యూరిటీ యాక్ట్ నియమం అది. రుజువు తర్వాతి తేదీతో ఉండవచ్చు, కానీ అది ఆనాటి పరిస్థితిని చెప్పాలి. అప్పట్లో 30 గంటలే చూసుకున్నారు, ఇప్పుడు 45 అయ్యాయంటే, అప్పీలు అలాగే నడవనిచ్చి పక్కనే కొత్త దరఖాస్తు పెట్టండి. విచారణ దాకా ఆగి, మధ్యలో నెలల డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

కన్నతల్లిని చూసుకోవడానికి డబ్బు అడగడం, పైగా కొట్లాడడం బాగుంటుందా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది గొంతు తగ్గించి అడిగారు. ముఖ్యంగా కోడళ్లు, కూతుళ్లు. అమ్మ సేవకు ఇది కూలి కాదు. ఆమె కోసం మీరు వదులుకున్న ఉద్యోగానికి, ఆగిపోయిన పింఛను చందాలకు ప్రభుత్వం ఇచ్చే చిన్న ఆసరా.

పెళ్లైన ఆడది ఇంట్లో చూసుకోవడం ఆమె బాధ్యత, దానికి డబ్బెందుకు అని ఒకప్పుడు ఈ దేశపు చట్టమే అనుకుంది. 1976లో ఇన్వాలిడ్ కేర్ అలవెన్స్ పేరుతో ఈ భృతి మొదలైనప్పుడు, భర్తతో కలిసి ఉంటున్న వివాహితలకు అది వర్తించలేదు. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకున్న జాక్వెలిన్ డ్రేక్ అనే మహిళ దరఖాస్తు పెడితే ఆ నియమమే అడ్డువచ్చింది. ఆమె పట్టు వదల్లేదు. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి, 1986 జూన్ 24న ఆ నియమం లింగ వివక్ష అని తీర్పు వచ్చింది. వివాహితలందరికీ దారి తెరుచుకుంది. 2003లో భృతి పేరు కేరర్స్ అలవెన్స్‌గా మారింది. ఇవాళ ఒక కోడలు దరఖాస్తు పెట్టగలుగుతున్నదంటే, ఒక కూతురు ఆ నియమం చూసి వెనక్కి తగ్గకపోవడమే కారణం.

తిరస్కరణ కాదు, ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమని లేఖ వచ్చింది. దీనికీ అప్పీలు ఉందా?

ఉంది, దారి కూడా ఇదే: నెలలోపు పునఃపరిశీలన, తర్వాత ట్రిబ్యునల్. రెండు ప్రశ్నలు వేరు వేరుగా అడగండి. ఆ వారాల్లో నాకు నిజంగా అర్హత లేదా? లేకపోయినా, తిరిగి వసూలు చేసే హక్కు శాఖకు ఉందా? ఈ అలవెన్స్ విషయంలో మీరు తప్పు సమాచారం ఇచ్చినప్పుడో, చెప్పవలసింది చెప్పనప్పుడో కలిగిన అధిక చెల్లింపునే చట్టప్రకారం వసూలు చేయాలి. మీరు సరిగానే తెలిపారు, శాఖే పట్టించుకోలేదు అంటే ఆ రుజువు వెతకండి.

సంపాదన మారుతూ ఉండే వారి విషయంలో ఇది మరీ ముఖ్యం. ఈ బాకీల మీద ప్రభుత్వం వైకల్య హక్కుల రంగంలో పనిచేసిన లిజ్ సేస్‌తో చేయించిన స్వతంత్ర సమీక్ష 2025 నవంబరులో వెలువడింది. మారే ఆదాయానికి సగటు తీసే విషయంలో శాఖ మార్గదర్శకాలు ఏళ్ల తరబడి లోపభూయిష్టంగా ఉన్నాయని అందులో తేలింది. పాత కేసులను మళ్లీ చూస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. మీ బాకీ అలాంటిదైతే, సగటు ఎలా తీశారో అడగకుండా ఒక్క వాయిదా కూడా సరేననకండి.

ట్రిబ్యునల్‌లో కూడా ఓడిపోతే?

తీర్పుకు పూర్తి కారణాలు ఒక నెలలోపు లిఖితపూర్వకంగా కోరండి. వాటిలో చట్టపరమైన తప్పు ఉంటే అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లే అనుమతి అడగవచ్చు. "నా మాట నమ్మలేదు" అన్నది మాత్రమే చాలదు. ఈ దశలో సలహాదారు లేకుండా వెళ్లవద్దు.

35 గంటలు లేవని తేలినవారు కేరర్స్ క్రెడిట్ గురించి చూడండి. దానికి వారానికి 20 గంటలు చాలు. చేతికి డబ్బు రాదు గానీ పింఛను రికార్డులో ఖాళీ పడదు.

స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లో ఎలా?

స్కాట్లండ్‌లో కేరర్స్ అలవెన్స్ స్థానంలో కేరర్ సపోర్ట్ పేమెంట్ వచ్చింది. 2023 నవంబరులో కొన్ని ప్రాంతాల్లో మొదలై 2024 నవంబరుకల్లా అంతటా అమలైంది. అక్కడ పునర్నిర్ణయం కోరడానికి 42 రోజులు, ఆ తర్వాత ట్రిబ్యునల్‌కు 31 రోజులు గడువు. పూర్తికాలపు విద్యార్థుల్లో చాలామందికి అక్కడ అర్హత ఉంది కాబట్టి, చదువు కారణంగా ఇంగ్లండ్‌లో తిరస్కరణ పొంది స్కాట్లండ్‌కు మారినవారు కొత్తగా దరఖాస్తు పెట్టాలి. ఉత్తర ఐర్లండ్‌లో భృతి పేరు మారలేదు, నిర్ణయించేది అక్కడి డిపార్ట్‌మెంట్ ఫర్ కమ్యూనిటీస్, అప్పీలు వినేది అక్కడి ట్రిబ్యునలే.

లాయరును పెట్టుకోవాలా?

అక్కరలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇలాంటి ట్రిబ్యునల్ విచారణలకు ప్రభుత్వ న్యాయ సహాయం 2013 ఏప్రిల్ నుంచి దాదాపు ఆగిపోయింది. ఉచితంగా చూసిపెట్టేవారు ఉన్నారు: సిటిజన్స్ అడ్వైస్, కేరర్స్ యూకే, ఊళ్లోని లా సెంటర్లు, కొన్ని కౌన్సిళ్లలోని వెల్ఫేర్ రైట్స్ విభాగాలు. బకాయిలో వాటా ఇస్తే ఫారం నింపుతామనే వారికి మీ కాగితాలు ఇవ్వకండి.

సలహా కేంద్రానికి ఫోను చేసినప్పుడు గడువు తేదీ మొదటి వాక్యంలోనే చెప్పండి. గడువు దగ్గరపడినవారిని ముందు పిలుస్తారు. అపాయింట్‌మెంట్ గడువు దాటాకే దొరికేలా ఉంటే, "నిర్ణయంతో ఏకీభవించడం లేదు, పునఃపరిశీలించండి, వివరాలు పంపుతాను" అన్న మూడు ముక్కలైనా ఈరోజే రాసి పంపండి. వెళ్లేటప్పుడు తిరస్కరణ లేఖ, మీరు చూసుకునే వ్యక్తి మంజూరు లేఖ, ఇటీవలి పే స్లిప్పులు, వారపు దినచర్య తీసుకెళ్లండి. మొదటి రెండూ లేకుండా వెళ్తే మరోసారి రమ్మంటారు.